ట్రక్కు ఖాళీగా ఉందా?

ఓర్లిన్ హాగెన్ ఇంట్లో ఫోను మోగిందంటే అవతలి మనిషి ఎలా ఉన్నావని అడగడు. "ఓర్లిన్, ట్రక్కు ఖాళీగా ఉందా?" అంటాడు. ఖాళీగానే ఉంటుంది. ఓర్లిన్ టోపీని చెవుల మీదికి లాక్కుని, ట్రక్కు ముక్కులోంచి వేలాడే కరెంటు వైరు పీకి, బయల్దేరతాడు. ఆ వైరు రాత్రంతా ఇంజన్ని వెచ్చగా ఉంచకపోతే ఉత్తర మిన్నెసోటా చలికాలంలో ఓర్లిన్ ట్రక్కు దగ్గదు, మూలగదు. అంత పాతది.

మంచాలు, ఫ్రీజర్లు, జబ్బు చేసిన దూడలు, మూతబడిన బడిలోని పియానో, రెండు మూడు సమాధిరాళ్ళు కూడా దాని వెనక తొట్టిలో ఎక్కి దిగాయి. దించాక ఇంటివాళ్ళు కాఫీ తాగి వెళ్ళమంటారు. వద్దంటాడు. మళ్ళీ అంటారు. మళ్ళీ వద్దంటాడు. ఆ ఊళ్ళో మొదటి పిలుపుకే కూర్చున్నవాణ్ణి ఆశపోతు అనుకుంటారు. మూడోసారి అడిగేసరికి ఓర్లిన్ చేతి తొడుగులు విప్పేసి, వంటింటి బల్ల దగ్గర గోడవైపు కుర్చీలో సర్దుకుంటాడు. కాఫీ, దాంతోపాటు ఏదో ఒక తీపి ముక్క. ఈసారి దుంపలు బాగా ఊరాయి, వాన ఒకటి ఎక్కువైంది, అంతే మాటలు. కప్పు ఖాళీ అయ్యాక లేస్తాడు.

అతని జీవితంలో మనుషులతో గడిపిన సమయమంతా దాదాపు ఇలా గడిచిందే. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయేదాకా తల్లితో ఉన్నాడు, ఆ తర్వాత ఆ ఇంట్లోనే తనొక్కడూ ఉన్నాడు. ఇప్పుడు అరవై దాటాడు. నోట్లో నాలుక లేని మనిషి అంటారు గానీ, నార్డ్‌బీ ఊళ్ళో నాలుక ఉన్నవాళ్ళు మాత్రం ఎంతమంది? తాతల కాలంలో నార్వే నుంచి వచ్చి ఈ బల్లపరుపు నేల మీద స్థిరపడ్డవాళ్ళు. పని లేకుండా ఒకరి గడప ఒకరు తొక్కరు. మనసులో ఎంత ఆపేక్ష ఉన్నా చేతిలో ఒక సాకు ఉండాలి. నిచ్చెన తిరిగివ్వడానికో, తేనె సీసా ఇచ్చిపోవడానికో వచ్చినట్టు రావాలి. ఓర్లిన్‌కు ట్రక్కే సాకు. అది ఉన్నంతకాలం ఇంకో సాకు వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

ఊళ్ళో బడి మూసేశాక అతని ఉద్యోగం నలభై మైళ్ళ అవతలి పట్నంలో బడికి మారింది. తెల్లవారకముందే వెళ్ళి బాయిలర్ వెలిగించాలి, పిల్లలొచ్చేసరికి గదులు వెచ్చబడాలి. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ట్రక్కును కింద నుంచి కొరుక్కు తింటోంది. పెట్రోలు సంగతి సరే సరి. పోయిన నెల మెకానిక్ డ్వేన్ దాని కింద దూరి, టార్చిలైటు వేసి చూసి, వెల్లకిలా పడుకునే మాట్లాడాడు.

"అన్నా, ఛాసిస్ పోయింది."

"ఎంత పోయింది?"

"ఊరి చుట్టూ తిప్పుకో, పదేళ్ళొస్తుంది. రోజూ పట్నం తిప్పావంటే వచ్చే చలికాలం ఎక్కడో మంచులో రెండు ముక్కలవుతుంది. ముందు ముక్కతో నువ్వు ఇంటికి రావచ్చనుకో."

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క వెర్నా ఇంట్లో భోజనాల దగ్గర ఈ మాటే నడిచింది. వెర్నా కూతురు జొలీన్‌కు అరిజోనాలో ఉద్యోగం వచ్చింది. ఎడారికి పోతున్నదానికి ఇక్కడి చిన్న కారుతో పని లేదు. ఎవరికో అమ్మేబదులు మామయ్యకే చవగ్గా ఇద్దామనుకుంది.

"తీసుకో మామయ్యా. ట్రక్కు తాగే పెట్రోల్లో సగం కూడా తాగదు. సీటు కింద నుంచి వేడి వస్తుంది, తెలుసా?"

"ఎక్కడికి వస్తుంది?"

"ఎక్కడికి రావాలో అక్కడికే!"

"నా ట్రక్కులో హీటరు ఉంది," అన్నాడు ఓర్లిన్.

వెర్నా గరిటె బల్ల మీద పెట్టింది. "ఏంటి ఉండేది? పోయిన ఏడాది నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు ఒళ్ళో కంబళి కప్పుకుని కూర్చున్నాను. డాక్టరు నా కాళ్ళు చూసి ఎక్కడైనా ఏట్లో దిగారా అన్నాడు. ఒరేయ్, ఆ తుక్కు మీద నీకంత మోజేంట్రా? మనిషి మీద పడాల్సిన మోజు దాని మీద పడింది."

"మోజేం లేదక్కా. నలుగురికీ పనికొస్తుంది కదా."

"నలుగురికీ పనికొస్తే నలుగుర్నీ పెట్రోలు పోయమను!"

రెండూ ఉంచుకోవడం ఓర్లిన్ వల్ల కాదు. ట్రక్కు అమ్మితేనే కారు. కొనడానికి డ్వేన్ సిద్ధంగా ఉన్నాడు. షెడ్డు ముందు మంచు తోసుకోవడానికీ, ఊళ్ళో చిన్నా చితకా సామాన్లు మోయడానికీ పనికొస్తుందంటాడు. అంటే ట్రక్కు ఊళ్ళోనే ఉంటుంది. ఎవరి ఫ్రీజరూ ఆగదు, ఎవరి మంచమూ వానలో తడవదు. అందరి పనులూ జరిగిపోతాయి. ఓర్లిన్‌ను పీడించింది సరిగ్గా అదే. పనులు ఆగిపోతాయంటే వాళ్ళ కోసం ట్రక్కు ఉంచుకోవాలని మొండికేసేవాడు. పనులు ఆగవు. వంటింటి బల్లల దగ్గర గోడవైపు కుర్చీలో మాత్రం ఇక డ్వేన్ కూర్చుంటాడు. ఈ మాట అక్కతో ఎలా చెప్పాలో తెలియలేదు. తనకు తాను చెప్పుకోవడమే సిగ్గుగా ఉంది.

చివరికి జొలీనే ఒక దారి చెప్పింది. తను బయల్దేరేది వచ్చే ఆదివారం. ఈ వారమంతా కారు మామయ్య నడిపి చూడాలి. ట్రక్కును డ్వేన్ దగ్గర వదలాలి, అతనూ చూసుకుంటాడు. నచ్చకపోతే ఎవరిది వాళ్ళకి.

సోమవారం చీకట్లో కారెక్కితే ఓర్లిన్‌కు మొదట చెవులు మూసుకుపోయాయేమో అనిపించింది. అంత నిశ్శబ్దం. ఇన్నేళ్ళుగా రేడియోలో వార్తలు చదివే ఆయనకు ఇంత మంచి గొంతు ఉందని తెలియదు. సీటు వేడెక్కింది. నడుములో ఎప్పటి నొప్పో మెల్లగా వదులైంది. పట్నం చేరేసరికి వేళ్ళు కొంకర్లు పోలేదు, బాయిలర్ తలుపు మొదటి పట్టుకే తెరిచాడు. బాగుంది. బాగుందని ఒప్పుకోక తప్పలేదు.

కానీ వచ్చేటప్పుడు ఒక సంగతి గమనించాడు. ఆ దారిలో ఎదురొచ్చే బండికి స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు లేపడం ఆనవాయితీ. చెయ్యి ఊపరు, నవ్వరు. వేలు లేస్తుంది, అంతే. ఓర్లిన్ అలవాటుగా వేలు లేపాడు. ఎదురొచ్చిన అదే ఊరి బెర్నీస్ తిన్నగా రోడ్డు చూసుకుంటూ వెళ్ళిపోయింది. తర్వాత పాల ట్యాంకరు వాడూ అంతే. వాళ్ళు అన్నాళ్ళూ పలకరించింది ట్రక్కును. లోపల ఎవరున్నారో చూడవలసిన అవసరం వాళ్ళకెప్పుడూ కలగలేదు. మంగళవారం కూడా వేలు లేపాడు. బుధవారానికి మానేశాడు.

ఇంటికొచ్చి కారును షెడ్డులో పెట్టి తలుపు దించేవాడు. ట్రక్కు పొడవుకు ఆ షెడ్డు చాలేది కాదు గనక అదెప్పుడూ వాకిట్లోనే ఉండేది. కారు లోపలికి పోయేసరికి వాకిలి బోడిగా కనిపించింది. ఓర్లిన్ ఇంటి వెనకవైపు వంటింట్లో కూర్చుని సూపు వేడి చేసుకుని తినేవాడు. ఆ వారం ఫోను ఒక్కసారి కూడా మోగలేదు.

మామూలు వారమైతే పట్టించుకునేవాడు కాదు. ఇది చేప విందు వారం. ఏటా నవంబరులో లూథరన్ చర్చి నేలమాళిగలో ఊరంతా కూర్చుని, నానబెట్టి ఉడికించిన ఎండుచేప తింటారు. పళ్ళెంలో వణుకుతూ ఉండే ఆ చేపను కరిగిన వెన్నలో ముంచుకుని తినడం కొందరికి భక్తి, కొందరికి శిక్ష. వాసనకు మాత్రం అందరూ సమానమే. దానికి కావలసిన మడత బల్లలు పంచాయతీ హాల్లో ఉంటాయి. శుక్రవారం సాయంత్రం వాటిని చర్చికి చేర్చేది ఓర్లిన్. ఎప్పటి నుంచో గుర్తులేదు. విందు పెత్తనమంతా ఆర్డిస్‌ది. గురువారానికల్లా ఆమె ఫోను చేస్తుంది.

గురువారం చెయ్యలేదు. శుక్రవారం ఓర్లిన్ బడి నుంచి తిన్నగా ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండా ఫోను పక్కనే కూర్చున్నాడు. చేసిందంటే డ్వేన్ దగ్గరికి పోయి ట్రక్కు అడిగి తెచ్చుకోవచ్చు, అంతేగా. ఎండ వాలుతుండగా వీధిలో తనకు బాగా తెలిసిన చప్పుడు వినబడింది. సైలెన్సరు కింద ఆ గరగర ఇంకే బండికీ లేదు. కిటికీ తెర పక్కకు లాగి చూశాడు. తన ట్రక్కే. తొట్టిలో బల్లలు నిటారుగా పేర్చి ఉన్నాయి. స్టీరింగ్ దగ్గర డ్వేన్. బల్లలను నిటారుగా పెట్టకూడదు, పడుకోబెట్టాలి, లేకపోతే మలుపులో జారతాయి. ఆ మాట చెప్పడానికి తలుపు దాకా వెళ్ళి, ఏమని చెప్పాలో తోచక వెనక్కి వచ్చి బూట్లు విప్పుకున్నాడు.

అయితే ఇంతేనన్నమాట అనుకున్నాడు. ఇంకా ట్రక్కు అమ్మనే లేదు, అప్పుడే తాను లేకుండా పని సాగింది. రేపు జొలీన్‌కు చెప్పెయ్యాలి: నీ కారు బంగారంలాంటిదే గానీ నాకొద్దమ్మా అని. నడుం నొప్పి నాకలవాటే. ఛాసిస్ విరిగే రోజు విరుగుతుంది.

శనివారం విందుకు వెళ్ళడమా మానడమా అని చాలాసేపు తటపటాయించాడు. వెర్నా ముందే అతని టికెట్టు కొనేసింది, వృథా అయితే ఊరుకోదు. ఏటా వెనక తలుపు గుండా బల్లలతోపాటు వెళ్ళేవాడు, పని చేస్తూ చేస్తూ ఏ మూలో నిలబడి తినేసేవాడు. ఈసారి ముందు మెట్ల మీదుగా అతిథిలా దిగవలసి వచ్చింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కోటు జేబుల్లో పెట్టుకున్నాడు.

ఆర్డిస్ వెన్న గిన్నె పట్టుకుని ఎదురొచ్చి, టక్కున ఆగిపోయింది.

"ఓర్లిన్! నువ్వు లేచి తిరుగుతున్నావేంటి?"

"తిరక్కూడదా?"

"ఆపరేషనై నాలుగు రోజులు కాలేదు! కూర్చో. ఎవరైనా ఇతనికి కుర్చీ వెయ్యండి, మెత్తది!"

"ఏం ఆపరేషన్?"

"తుంటిది. తుంటి అనే కదా బెర్నీస్ అంది? కాదా? ఇంకేదైనానా?" గొంతు తగ్గించింది. "చెప్పడానికి మొహమాటమైతే వద్దులే. మా ఆయనకీ అదే వచ్చింది."

"ఆర్డిస్, నాకు ఏ ఆపరేషనూ కాలేదు. రోజూ బడికి వెళ్ళొస్తున్నాను."

"మరి వాకిట్లో ట్రక్కు లేదుగా!"

అక్కడ అది తిరుగులేని సాక్ష్యం. సోమవారం ట్రక్కు కనిపించలేదని బెర్నీస్ ఒకరికి ఫోను చేసింది, వాళ్ళు ఇంకొకరికి. మంగళవారానికి ఓర్లిన్ పట్నం ఆసుపత్రిలో చేరాడు. బుధవారానికి తుంటి కోశారు. ఆ సాయంత్రం ప్రార్థనలో, చర్చి నడిపే పాస్టరమ్మ పేరు పెట్టి మరీ అతని కోసం వేడుకుంది. ఊరంతా తలలు వంచి ఆమెన్ అన్నారు.

"ఒక్కళ్ళైనా నాకు ఫోను చేసి అడగొచ్చు కదా?"

"ఆపరేషనైన మనిషికి ఫోను చేసి విసిగిస్తామా? మేమేం మనుషులం?"

చిలకడదుంపలు వడ్డిస్తున్న వెర్నా చేతిలో గిన్నె అక్కడే పెట్టేసి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "బుధవారం నేను ప్రార్థనకి వెళ్ళలేదు, జొలీన్ సామాను సర్దుతున్నాను. వెళ్ళుంటే నా తమ్ముడికి ఏం కోశారో నేనూ తెలుసుకునేదాన్ని!"

పక్క బల్ల దగ్గర డ్వేన్ తలెత్తకుండా చేప తింటున్నాడు. ఓర్లిన్ అతని వైపు తిరిగాడు. "నీకు తెలుసు కదరా, నేను బాగానే ఉన్నానని?"

"తెలుసన్నా."

"మరి చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదుగా. బల్లలు తెస్తావా అన్నారు. తెచ్చాను."

"నిలబెట్టి తెచ్చావు."

"ఒకటి జారింది," అని ఒప్పుకున్నాడు డ్వేన్.

చుట్టూ నవ్వులు లేచాయి. ఓర్లిన్‌కూ నవ్వొచ్చింది గానీ పూర్తిగా రాలేదు. తన కోసం ఇంతమంది తలలు వంచారు. ఆ బుధవారం సాయంత్రం తాను చర్చికి నాలుగు ఇళ్ళ అవతల ఒంటరిగా సూపు తాగుతున్నాడు.

ఎదురుగా ఖాళీ కుర్చీలో సెల్మర్ నెస్ వచ్చి కూర్చున్నాడు. ఊరికి తొమ్మిది మైళ్ళ దూరంలో ఒక్కడే పొలం మీద ఉంటాడు. ఓర్లిన్ కన్నా కొన్నేళ్ళు పెద్ద. ఏడాదికోసారి ఈ చేప కోసమే చర్చికి వస్తాడని పాస్టరమ్మకు కూడా తెలుసు. చలికాలమంతా అతని పొయ్యికి కట్టెలు చేరవేసేది ఓర్లిన్.

"నడుస్తున్నావే," అన్నాడు సెల్మర్.

"నడుస్తున్నా."

"తుంటి?"

"దానికేం కాలేదు. అంతా ఉత్తిదే."

సెల్మర్ చాలాసేపు చేపలోంచి ముల్లు తీశాడు. ఆ చేపలో ముళ్ళు పెద్దగా ఉండవు.

"గురువారం బయల్దేరాను," అన్నాడు చివరికి.

"ఎక్కడికి?"

"నీ దగ్గరికే. ఆసుపత్రి నుంచి వచ్చేశావేమో, చూద్దామని. మీ వీధి మలుపు దాకా వచ్చాను."

"మరి రాలేదే?"

"ఏం పని చెప్పుకుని రావాలి? ముందు రోజంతా కొట్టమంతా వెతికాను. నీ రంపమో, గొలుసో, ఏదైనా నా దగ్గర ఉండిపోయిందేమో తిరిగిచ్చినట్టు ఉంటుందని. ఒక్కటీ లేదు. అన్నీ ఎప్పటికప్పుడు ఇచ్చేశాను. వెధవ అలవాటు." ఇంకో ముల్లు వెతికాడు. "ఉత్త చేతులతో వచ్చి నీ తలుపు దగ్గర నిలబడి ఏమంటాను? వెనక్కి తిప్పేశాను."

గురువారం సాయంత్రం తాను ఫోను మోగుతుందని చూస్తూ కూర్చున్నాడు. వీధి మలుపు నుంచి ఇంటికి ఎంత దూరం? ఆ కాస్త దూరం దాటడానికి సెల్మర్‌కు రంపం దొరకలేదు. తనకైతే ట్రక్కు ఉంది గనక, ఇన్నేళ్ళలో ఎవరింటికీ పని లేకుండా వెళ్ళే ధైర్యం ఉందో లేదో చూసుకోవలసిన పనే పడలేదు. మనుషుల దగ్గరికి చేర్చేది ట్రక్కేనని ఇంతకాలం నమ్మాడు. అది తనను వాళ్ళ వాకిళ్ళదాకా చేర్చింది నిజమే. దించాల్సింది దించాక, కప్పు ఖాళీ అయ్యాక, లేచి వచ్చెయ్యమని తొందరపెట్టిందీ అదే. ట్రక్కుంటే అడగకుండానే పిలిపించుకోవచ్చు, పిలవకపోతే బాధపడొచ్చు, తాను మాత్రం ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ఆ సుఖం కోసం నడుం విరగ్గొట్టుకుంటూ రోజూ ఎనభై మైళ్ళు తిరిగాడు.

విందయ్యాక బల్లలు మడుస్తున్న డ్వేన్ దగ్గరికి ఓర్లిన్ వెళ్ళాడు. "రేపు కాగితాలు రాసేసుకుందాం," అన్నాడు. "తొట్టి తలుపు ఎడమ గొళ్ళెం మొరాయిస్తుంది. ముందు పైకెత్తి తర్వాత లాగాలి."

"అమ్మేస్తున్నావా అన్నా? నిజంగానా?"

"బల్లలు మాత్రం పడుకోబెట్టు."

ఆదివారం జొలీన్ కారు తాళం చేతిలో పెట్టి మామయ్యను కావలించుకుంది. ఆ ఊళ్ళో అది కొంచెం ఎక్కువే, అయినా అతను కదలకుండా నిలబడ్డాడు. "సీటు వేడి పెట్టుకో మామయ్యా, మొహమాటపడకు," అంది.

తర్వాతి వారమంతా ఫోను పెద్దగా మోగలేదు. ఎవరో ఒకరు మర్చిపోయి చేశారు, ట్రక్కు డ్వేన్ దగ్గరుందని చెప్పాడు, ఓ అలాగా అని పెట్టేశారు. భయపడినంతా జరిగింది. మధ్యలో రెండుసార్లు, తప్పు చేశానేమో అనుకున్నాడు. ఉదయం సీటు వేడెక్కినప్పుడు మాత్రం అలా అనిపించేది కాదు.

శనివారం మధ్యాహ్నం కారు తీసి తూర్పు రోడ్డు పట్టాడు. తొమ్మిది మైళ్ళూ రేడియో పెట్టలేదు. సెల్మర్ ఇంటి మలుపు దగ్గర కారు నెమ్మదించింది. పక్క సీట్లో ఏమీ లేదు, వెనక సీట్లోనూ ఏమీ లేదు. బయల్దేరేముందు ఒక రొట్టె ముక్కైనా తీసుకెళ్దామనిపించింది. తీసుకెళ్తే అది మళ్ళీ ఏదో ఇవ్వడానికి వచ్చినట్టవుతుందని, కావాలనే తీసుకురాలేదు. ఇప్పుడు తెచ్చుంటే బాగుండేదనిపిస్తోంది. కారు మలుపు తిరిగింది.

సెల్మర్ చప్పుడుకు బయటికొచ్చి, తెలియని కారు చూసి చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకున్నాడు. ఓర్లిన్ దిగాడు.

"నువ్వా! కట్టెలు నిన్ననే డ్వేన్ తెచ్చాడే. ఎలా పడితే అలా గుమ్మరించి పోయాడు."

"తెలుసు."

సెల్మర్ కారు చుట్టూ తిరిగి, వెనక అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడు. "ఏమైనా తెచ్చావా?"

"లేదు."

"ఏమైనా పట్టుకెళ్ళాలా?"

"లేదు."

సెల్మర్ ఆకాశం వైపు చూశాడు. అక్కడ మంచు తప్ప ఏమీ లేదు. "దారిలో ఎటైనా వెళ్తూ..."

"ఎటూ వెళ్ళట్లేదు. నిన్ను చూద్దామనే వచ్చాను." ఆగి, పూర్తి చేశాడు. "ఊరికే."

సెల్మర్ తలుపు వైపు తిరిగాడు.

"కాఫీ ఉంది," అన్నాడు.

"తాగుతా," అన్నాడు ఓర్లిన్, మొదటి పిలుపుకే.

లోపల పొయ్యి మండుతోంది. మొదటి కప్పు దుంపల ధరల మీద, వాతావరణం మీద అయిపోయింది. మామూలుగా అయితే అక్కడ ఓర్లిన్ లేవాలి. కట్టెలు దించితే తొట్టి ఖాళీ అవుతుంది, ఇక వెళ్ళొచ్చని అదే చెబుతుంది. ఇవాళ చెప్పేది ఏదీ లేదు. ఎప్పుడు లేవాలో అతనికి తెలియలేదు, ఎప్పుడు పంపాలో సెల్మర్‌కూ తెలియలేదు. సెల్మర్ కప్పులోకి ఇంకొంచెం వంపాడు. కొంతసేపటికి, వాళ్ళ నాన్న ఈ పొలానికి వచ్చిన ఏడాది కట్టెలు దొరక్క కుర్చీలు విరగ్గొట్టి పొయ్యిలో పెట్టిన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళలో ఓర్లిన్ ఆ కథ వినలేదు. కిటికీ బయట చీకటి పడుతోంది. సెల్మర్ మధ్యలో ఆగి, లేచి దీపం వేసి, ఎక్కడి దాకా వచ్చానని అడిగాడు.

"మూడో కుర్చీ దాకా," అన్నాడు ఓర్లిన్.